నిదానపు నీళ్లు

గురువారం. బ్యాంకాక్ చాతుచాక్ చేపల సంతలో
రేకుల మీద వాన, రేకుల కింద వంద మోటార్ల గురగుర.
చివరి వరసలో నా కొట్టు.
అరల నిండా సీసాలు, సీసాకో మగ బెట్టా,
సీసాకీ సీసాకీ మధ్య అట్టముక్క.
చూపులు కలిస్తే చాలు, గాజుతోనైనా కలబడతాయి.

లుంగ్ ప్రసోప్ వచ్చాడు, గొడుగు మడవకుండానే.
లుంగ్ అంటే మా దగ్గర పెదనాన్న.
కొనడానికొచ్చిన ప్రతివాడూ నాకు ఏదో ఒక వరస.
ముప్పై నాలుగేళ్లు చావో ప్రాయా నది మీద
బియ్యపు పడవల్ని లాగే టగ్గు నడిపాడీయన.
చెవులు రెండూ ఇంజనుకే ఇచ్చేశాడు.
ఆయనతో మాటంటే సగం అరుపు, సగం చేతులు.

"ఈ ఫిల్టర్ తీసుకో. చేపను చంపేస్తోంది."

నాకు రోషం వచ్చింది.
ఆరువందల యాభై బాత్‌ల సరుకు మరి.
"నీళ్లు అద్దంలా లేవా?"
"ఉన్నాయి. అందుకే కనిపిస్తోంది."

ఆయన చేయి గాల్లో చేపైంది:
తడి దుప్పటి కప్పుకుని వరదకు ఎదురీదే మనిషిలా
అంత పొడవు తోకతో రాత్రంతా ఈది ఈది,
ఊపిరికి పైకొస్తే ధార కిందికి తోసి,
తెల్లారేసరికి గొట్టానికీ గాజుకీ మధ్య సందులో
ఒరిగి ఉన్నాడట.
"పదిహేను లీటర్ల తొట్టె, అమ్మాయ్. దాంట్లో జలపాతమా?"

నడుస్తున్న తొట్టెలన్నీ చూపించమన్నాడు.
జేబులోంచి ఎండిన బాదం ఆకు తీశాడు,
గోటితో చిటికెడు తుంచి నీటి మీద వదిలాడు.
ఎన్ని రేవుల్లో ఎన్ని ఆకులు వదిలిన చేయో అది.

మొదటి తొట్టెలో తునక మునిగి, గిర్రున తిరిగి, మాయం.
రెండోదాంట్లో సూటిగా వెళ్లి
జల్లెడకు అతుక్కుపోయింది.
"ఇక్కడైతే వాడి తోకే అతుక్కునేది" అన్నాడు నాకేసి చూడకుండా.

మూడోది చూపించడం నాకిష్టం లేదు.
కొట్టంతటికీ చవక, కొట్టంతటికీ వికారం:
మాడిన రొట్టెలాంటి నల్లటి స్పాంజి,
నెత్తిన ఒక గొట్టం, దానికో గాలిపంపు.
తొంభై బాత్‌లు. నాకు మిగిలేది టీ డబ్బులు.

తునక అక్కడ ఏమీ తోచనట్టు నిలబడింది.
తర్వాత నిద్దట్లో పక్కకు ఒత్తిగిల్లినట్టు
మెల్లగా ఒక చుట్టు తిరిగి
మూలకు చేరి ఆగింది.

ఆయన గాలి మర మీద రెండువేళ్లు పెట్టి
ఇంకా తగ్గించాడు, రేవుకు ఆనించేముందు
ఇంజను తగ్గించినట్టు.
బుడగలు ఒకటొకటిగా, లెక్కపెట్టేంత నిదానంగా.
"నీళ్లు నడవాలి. నడుస్తున్నట్టు వాడికి తెలియకూడదు."

నేను అరిచాను: కొళాయి కింద కడగొద్దు,
తొట్టెలోంచి తీసిన పాతనీళ్లలోనే పిండు,
మురికిలా కనిపించేదే అక్కడ కాపలా కాసేది!
ఏం వినిపించిందో, వేళ్లతో పిండి చూపించాడు.
కరెంటు పోతే నీళ్లు గొట్టంలోకి ఎక్కకుండా
చిన్న కవాటం ఒకటి ఊరికే ఇచ్చాను.
ఎందుకిచ్చానో. ఆ నెల బేరాలే లేవు.

మూడు వారాల తర్వాత, మళ్లీ వాన.
ఈసారి ఏమీ కొనలేదు.
పంపు దోమలా రొద పెడుతోందని ఆవిడ విసుక్కుంటోందట,
తనకైతే ఏమీ లేదు.
అరచేయి బోర్లించి, దాని కింద
రెండో చేతి వేళ్లను బుడగల్లా ఆడించాడు:
బాదం ఆకు కింద నురగ గూడు కట్టాడట వాడు,
రెండ్రోజులైనా చెదరలేదట.

"ఆడచేప లేదు కదా. ఎవరి కోసం అంటావ్?"

"ఎవరి కోసమూ కాదు లుంగ్,
నీళ్లు ఊరుకుంటే కడతారు."

వినిపించలేదు. తల మాత్రం గట్టిగా ఊపాడు.
"అదే. నేనూ అదే అన్నాను ఆవిడతో."